తలా తోకా

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒకటే గొడవ. మా చిన్న కారు వెనకాల పిల్లల సీట్లు మూడు పక్కపక్కన పడతాయా, పట్టవా? పడితే ఒక పిల్ల మా ఇంటికి వస్తుంది. పట్టకపోతే రాదు.

ఆ పిల్ల మాది కాదు. మా అబ్బాయి ఉమాశంకర్ స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. వాడి జోడీ త్రినాథరావు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే కేరేజీ. "ఏటి బావా" అంటే "ఏటి బావా" అనుకుంటూ గాజువాకంతా తిరిగేవారు. మా వాడికి కూతురు పుడితే శ్రీసత్య అని పేరు పెట్టాడు. తరవాత త్రినాథరావుకీ కూతురే పుట్టింది. "కొత్త పేరు ఎక్కడని ఎతుకుతాం బావా" అని అదే పేరు తిరగేసి సత్యశ్రీ అని పెట్టేశాడు. బారసాల నాడు అందరం నవ్వుకున్నాం.

త్రినాథరావూ ఆశాజ్యోతీ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. కులాలు వేరు. అటువాళ్ళూ మొహం చూడలేదు, ఇటువాళ్ళూ చూడలేదు. ఆ అమ్మాయికి ఏడో నెల వచ్చినా పుట్టింటి నుంచి పిట్ట కూడా రాలేదు. అప్పుడు మా ఆవిడ వరహాలమ్మ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చి ఆ పిల్ల చేతులకి తొడిగింది. "ఎవులో ఒకలు తొడగాల గదా" అంది. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తే మనిషీ కాదు.

వైశాఖం ఎండలు. నేను వీధరుగు మీద కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తున్నాను. షిఫ్టు మధ్యలో ఉమాశంకర్ ఇంటికొచ్చాడు. నెత్తి మీది ప్లాంటు టోపీ తియ్యలేదు. నా ముందు నిలబడి ముక్కలకేసి చూస్తున్నాడు.

"ఏరా" అన్నాను.

"బావ పోనాడు నాన్నా."

"ఎక్కడికి?" అన్నాను. నిజంగా అదే అడిగాను.

వాడు నాకేసి చూశాడు. "ఎక్కడికేటి నాన్నా... పోనాడు. ఆ అమ్మాయి కూడా."

బండి మీద ముగ్గురూ వెళ్తున్నారట. హైవే మలుపులో ట్రెయిలర్ లారీ రాసుకుంటూ పోయిందట. తల్లి ఒళ్ళో ఉన్న పిల్ల ఎగిరి, రోడ్డు పనికని పోసిన ఇసక గుట్ట మీద పడింది. మోచెయ్యి గీసుకుంది, అంతే. జనం వెళ్ళేసరికి ఏడవను కూడా ఏడవడం లేదట. పిడికిట్లో ఇసక పట్టుకుని నోట్లో పెట్టుకుంటోందట.

నా చేతిలో మామిడి ముక్క అలాగే ఉండిపోయింది. ఆ ముక్కల మీదికి ఎండ వచ్చి, కాకులు వచ్చి, సగం ఎత్తుకుపోయినా ఎవరం లేవలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ లేదు.

శవాలని తీసుకెళ్ళడానికి రెండు వైపుల నుంచీ మనుషులొచ్చారు. అబ్బాయిని వీళ్ళు, అమ్మాయిని వాళ్ళు, వేరువేరు బళ్ళలో. బతికున్నదాన్ని తీసుకెళ్తామని ఎవరూ అనలేదు. పిల్లని సిటీలో అనాథ పిల్లలుండే ఇంటికి పంపారు.

మా కోడలు నీలిమ రుషికొండ దగ్గర ఆఫీసులో పని చేస్తుంది. మాట అంటే మాటే. ఆ పూట అన్నం పెడుతూ అంది.

"అత్తా, సత్యశ్రీని మనవే తెచ్చీసుకుందాం."

వరహాలమ్మ కూర గిన్నె కింద పెట్టింది. "మనకిద్దరున్నారు."

"ఉంటే?"

"ఉంటే ఏటా? ఒక్క పూటే తల్లినీ తండ్రినీ..." అని ఆపేసింది.

"సెప్పత్తా. పిల్ల మింగీసిందనా?"

"నానన్నానా ఆ మాట?"

"అనబోనావు."

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు మాటలు తక్కువ. మజ్జిగ పోసుకున్నాను. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడు తల్లి చేతులకి గాజులు తొడిగిన మనిషి, ఇప్పుడు ఆ పిల్లనే గడప దాటనివ్వనంటోంది. ఆవిడకి శకునాలంటే అంత భయం. ముగ్గురుగా బయలుదేరితే కొంగులో గులకరాయి కట్టుకుని నలుగురయ్యాం అనుకునే మనిషి.

ఉమాశంకర్ ఆ పిల్ల కోసం, అనాథ పిల్లల సంగతి చూసే గవర్నమెంటు ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడ సూర్యకళ గారని ఆఫీసరమ్మ. అనంతపురం వైపు మనిషి, కొత్తగా వచ్చారు. వాడు వచ్చి చెప్పాడు.

"త్రినాథరావు నీకేమవుతాడు అనడిగింది మేడం. మా బావండీ అన్నాను. అయ్యో అని కుర్సీ సూపించింది. మంచినీళ్ళు తెప్పించింది."

"మరేటి, ఇచ్చీత్తారా?" అంది నీలిమ.

"ఇత్తారంట. గానీ ఒకటుంది. ఒళ్ళో ఎట్టుకుని తీసుకెల్తానంటే కుదరదంట. 'ఆ పాప ఒళ్లోంచే పడింది. మళ్ళీ ఎవరి ఒళ్లోనూ కూర్చోబెట్టి పంపను' అంది. కారులో పిల్లల సీటు ఉండాలంట."

"ఒక సీటేగా, కొనీద్దాం."

"ఒకటి కాదే. మూడు. 'ఇవాళ ఈ పాపని సీట్లో పెడతారు, రేపు మీ ఇద్దరు పిల్లలకీ చోటు కావాలని మళ్ళీ ఒళ్లోకి తీసుకుంటారు. మూడూ బిగించి, మీ పిల్లల్నీ కూర్చోబెట్టి తీసుకురండి, నా కళ్ళతో చూసి ఇస్తాను' అంది. పెద్దవాల్లని కూడా రమ్మంది."

మా కారు ఎంతని! వెనక ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే మధ్యవాడు ఊపిరి బిగపట్టాలి. ఉమాశంకర్ ద్వారకా నగర్ షాపులో మూడు సీట్లు తీసుకుంటే అమ్మేవాడే అడిగాడట, "ఎన్ని కార్లండీ?" అని.

ఆదివారం పొద్దున్నే కారుని సందులో అరుగు పక్కన పెట్టాం. మధ్యాహ్నానికి పిల్లతో తిరిగిరావాలి. మనవడు చింటూ, మనవరాలు శ్రీసత్య తయారై నిలబడ్డారు. మూడు సీట్లు అరుగు మీద పెడితే చిన్న సింహాసనాల్లా ఉన్నాయి. మా చింటూ వాటిలో ఒక్కొక్క దాని మీదా కూర్చుని చూసుకున్నాడు.

రెండు వేశాం. దర్జాగా కూర్చున్నాయి. మూడోది సగంలో ఆగిపోయింది.

"మావయ్యా, నువ్వు సూడు. నువ్వు ఓడలు నింపినోడివి గదా" అంది నీలిమ.

పోర్టులో ఓడ కడుపులో బస్తాలు పేర్చిన చేతులే ఇవి. బస్తాకీ బస్తాకీ మధ్య వేలు దూరకూడదు. సందుంటే సముద్రంలో సరుకు జరుగుతుంది, సరుకు జరిగితే ఓడ ఒరుగుతుంది. నాకు తెలిసింది అదొక్కటే. మోకాలు ఆనించి తోశాను. భుజం పెట్టి తోశాను. మూడోది కిర్రుమంటూ దిగింది. మూడూ ఒకే చెక్కలో తొలిచినట్టు బిగిసిపోయాయి.

"నాన్న పట్టించీసేడు!" అని ఉమాశంకర్ చప్పట్లు కొట్టాడు.

నీలిమ చింటూని మధ్య సీట్లో కూర్చోబెట్టింది. బెల్టు లాగింది. దాన్ని పెట్టే గూడు సీట్ల మధ్య సందులో ఉంది. సందు లేదు. చెయ్యి దూరదు. నా చెయ్యి దూరలేదు, ఉమాశంకర్ చెయ్యి దూరలేదు, శ్రీసత్య బుల్లి చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఇరుక్కుంటే ఏడుపు మొదలెట్టింది. సబ్బునీళ్ళు పోసి తీశాం.

"బెల్టు ఎయ్యలేని సీటు ఎందుకు మావయ్యా?" అంది నీలిమ.

ఓడలో బస్తాలకి బెల్టులు ఉండవు. ఆ మాట పైకి అనలేదు. మళ్ళీ మూడూ పీకాం.

ఇటుది అటు, అటుది ఇటు మార్చాం. తలుపు పడదు. తలుపు పడితే క్లిప్పు పడదు. సందులో జనం చేరారు. "ఒకదాన్ని ముందెట్టండి" అని ఒకరు. "డిక్కీలో ఎట్టీండి" అని ఇంకొకరు. ఎండ నడినెత్తికి వస్తోంది. మా వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వాడు ఉన్నట్టుండి కారు తలుపు పట్టుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా, "బావా, నా వల్ల కాట్లేదు బావా" అన్నాడు. పోయినవాడితో మాట్లాడుతున్నాడు వాడు.

వరహాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పట్టనప్పుడు పట్టవు. దేవుడే సెబుతన్నాడు" అంది మెల్లిగా. అన్నది మెల్లిగానే గానీ అందరికీ వినబడింది.

అప్పుడే ఎదురింటి చిలకమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చింది. ఇంటింటికీ తిరిగి చేపలమ్ముతుంది. గంప దించి కారులోకి తొంగి చూసింది.

"ఏటన్నా, మూడు తలకాయలూ ఒకే పక్కకెట్టి తోసేత్తన్నారు?"

"మరెలా?" అన్నాను.

"గంపలో సేపలు అలగే ఎడతారేటి? ఒకదాని తల ఉన్నకాడ ఇంకోదాని తోక. భుజాలు భుజాలు రాసుకోకుండా ఉంతాయి. నడిమిది ఎనక్కి తిప్పండి."

సీట్లు భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం. నీలిమ చప్పున ఒక సీటు అట్టపెట్టె తిప్పి చూసింది. "పసిపిల్లల్ని ఎనక్కి తిప్పే కూర్చోబెట్టాలని దీని మీద రాసే ఉన్నాది! షాపువోడు కూడా సెప్పినాడు. మనవే ఇనలేదు."

ఉమాశంకర్ లేచాడు. పసిపిల్ల సీటుని మొహం వెనక అద్దం వైపు ఉండేలా తిప్పి మధ్యలో దించాడు. నేను తోయలేదు. ఎవరూ తోయలేదు. నీళ్ళలోకి దిగినట్టు దిగింది. అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందు. టక్, టక్, టక్ మని మూడు క్లిప్పులూ పడ్డాయి. తలుపులు రెండూ పడ్డాయి.

"ఆగండి!"

వరహాలమ్మ చెప్పులు కూడా లేకుండా సందులోకి వచ్చేసింది.

"గుంటని ఎనక్కి తిప్పి కూకోబెడతారా? బుద్దుందా? ఎనక్కి సూసుకుంటా ఎల్లేది పాడె మీద పీనుగొక్కటే! ఇప్పటికే ఆ పిల్ల..."

చిలకమ్మ నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది. "ఏటొదినా నీ సాదస్తం! పిల్ల పేరే తిరగేసి ఎట్టినారు, పిల్లని తిరగేసి కూకోబెడితే ఏటైపోద్ది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు. లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. ఎందుకు వస్తోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మేమిద్దరం సిటీ బస్సెక్కాం. కారులో మాకు చోటు లేదు. ఆ సంగతి అప్పుడే మొదటిసారి తట్టింది. ఎప్పుడెక్కడికి వెళ్ళినా వెనక సీట్లో మనవణ్ణీ మనవరాల్నీ చెరొకరం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇక ఆ సీటు మాది కాదు.

మేం వెళ్ళేసరికి కారు గేటు లోపల ఉంది. సూర్యకళ గారు ఎండలో వంగి ఒక్కొక్క బెల్టూ లాగి చూస్తున్నారు. మధ్య సీటు పట్టుకుని ఊపారు. కదల్లేదు. "బాగుంది" అన్నారు.

ఒక ఆయా పిల్లని తెచ్చింది. పిల్ల మోచేతి మీద గాయం చెక్కు కట్టింది. పిల్ల మా వాణ్ణి చూసి గుర్తుపట్టింది. చేతులు చాపింది. ఉమాశంకర్ తీసుకోబోయేంతలో సూర్యకళ గారు మా దగ్గరకొచ్చి వరహాలమ్మ చేతులు రెండూ పట్టుకున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

"అమ్మా, మీకు ఏం చెప్పాలో తెలీడం లేదు. ఈ వయసులో కన్నకూతురు పోవడమంటే..."

నాకు ముందు అర్థం కాలేదు. ఏ కూతురు? మాకు ఉమాశంకర్ ఒక్కడే. ఆడపిల్ల లేదు. పుట్టనే లేదు.

ఆవిడ ఇంకా అంటున్నారు. "అల్లుడూ కూతురూ ఇద్దరూ ఒకేసారి. మీ అబ్బాయి 'మా బావండీ' అనగానే నా గుండె ఆగినంత పనైంది. ఆశాజ్యోతి మీ అమ్మాయే కదమ్మా? మేనమామ ఇల్లు కాబట్టే నేను ఇంత త్వరగా ఒప్పుకున్నాను. మీ నోటితో ఒక్క మాట చెప్పండి, తీసుకెళ్ళండి."

అప్పుడు తెలిసింది. ఇక్కడ టీ ఇచ్చేవాడు బావ, బస్సులో పక్కవాడు బావ, క్రేన్ మీదున్నవాడు కింద ఉన్నవాడికి బావ. ఆవిడ ఊళ్ళో బావంటే అక్కచెల్లెళ్ళ మొగుడే. మా వాడు పొరపాటున కూడా అబద్ధం ఆడలేదు. ఆవిడా తప్పు వినలేదు.

ఉమాశంకర్ మొహం పాలిపోయింది. "మేడం, అదీ..." అని నోరు తెరిచాడు.

లేదంటే పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. అవునంటే, లేని కూతుర్ని చంపుకున్నట్టు. అటువంటి మాట నోటి వెంట రానిచ్చే మనిషి కాదు మా ఆవిడ. పాము అనాల్సి వస్తే పురుగు అంటుంది. నేను వరహాలమ్మ వైపు చూశాను. ఆవిడ పిల్ల వైపు చూస్తోంది. పిల్ల ఇంకా చేతులు చాపే ఉంది. ఎవరూ అందుకోలేదు.

"ఏడో నెల్లో ఆకుపచ్చ గాజులు నాను తొడిగినాను తల్లీ" అంది వరహాలమ్మ. గొంతు ఎవరిదో లాగా ఉంది. "పుట్టింటి గాజులు. ఈ సేతుల్తోనే. కూతురు గాక మరెవులు?"

ఉమాశంకర్ నోరు అలాగే తెరిచి ఉంది.

సూర్యకళ గారు నాకేసి తిరిగారు. "అయ్యా?"

"ఆఁ" అన్నాను.

వరహాలమ్మ పిల్లని అందుకుంది. కారు దగ్గరికి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి ఉన్న ఆ సీట్లో తనే కూర్చోబెట్టింది. క్లిప్పు ఎలా పెట్టాలో నీలిమ చెప్పబోతే, "తెలుసు, పొద్దుటి నుంచి సూత్తన్నాను గదా" అంది.

తిరిగి బస్సెక్కాం. దారిలో ఒక్కసారే మాట్లాడింది. "ఇంటికెల్లగానే తానం సెయ్యాల. మన కూతురు పోయిన కబురు మనకి ఇయాలే తెలిసింది."

నేను ఆవిడకేసి చూశాను. వేళాకోళం కాదు.

"పెల్లయిన పిల్ల గాబట్టి మనకి మూడ్రోజులే మైల" అంది.

ఇంటికి వెళ్ళాక పెరట్లో నూతి దగ్గర నిలబడి తలారా నీళ్ళు పోసుకుంది. నా చేతికి చెంబిచ్చింది. పోసుకున్నాను. ఎర్రటి ఎండాకాలంలో ఆ నీళ్ళు అంత చల్లగా ఎందుకున్నాయో తెలీదు. ఒంట్లోంచి వణుకు పుట్టింది. రెండో చెంబు పోసుకునేటప్పుడు నా నోట్లోంచి ఒక ఏడుపు వచ్చింది. అది నాదేనని తెలియడానికి కొంతసేపు పట్టింది. నీలిమ వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో కొయ్యబారిపోయింది.

ఆ మూడు రోజులూ పొయ్యి మీద పోపు వెయ్యలేదు. వరహాలమ్మ దేవుడి గది తలుపు తియ్యలేదు. పిల్ల ఆవిడ చాప పక్కనే పడుకుంది. మూడో రోజు ఆవిడ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చి, ఒక విస్తట్లో అన్నంతో పాటు పెట్టి, రెండూ సముద్రంలో కలిపి వచ్చింది. నేను కూడా వెళ్ళాను.

ఉమాశంకర్ ఉండబట్టలేకపోయాడు. తరవాత ఆఫీసుకి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు. వాడు చెబుతుంటే సూర్యకళ గారు చెయ్యెత్తి ఆపారట.

"నాకు ఆ సాయంత్రమే తెలిసిందయ్యా. మా డ్రైవరు అటెండర్ని బావా అని పిలిస్తే, ఓహో, నీ అక్కనిచ్చావా అనడిగాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు."

"మరేటి సేత్తారు మేడం?"

"ఏం చేస్తాను, మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. బంధువులు కాదు, పెంచుకునేవాళ్ళని చెప్పి పై ఆఫీసర్ల ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అంతదాకా పాపని కదిలించను. మీ అమ్మగారు నన్ను మోసం చేశారని కోపం వచ్చింది. మైల పట్టారని విన్నాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

ఆవిడ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. చెప్పకుండా వస్తారు. ముందు కారు తలుపు తీసి బెల్టు లాగి చూస్తారు, ఆ తరవాతే ఇంట్లోకి. పిల్ల మాకు దక్కే సంగతి ఇంకా తేలలేదు.

ఆషాఢం వచ్చింది. తొలివాన పడి సందంతా మట్టివాసన. ఎవరిదో బారసాలకి అందరం బయలుదేరాం. పిల్లలు ముగ్గురూ కారులో, ముందు సీట్లలో కొడుకూ కోడలూ. మేమిద్దరం రోడ్డు మీద, షేర్ ఆటో కోసం.

"అమ్మా, ఎల్లొత్తాం" అన్నాడు ఉమాశంకర్. చింటూ అప్పటికే ముందుకి చూస్తూ కారు తోలుతున్నట్టు చేతులు తిప్పుతున్నాడు. శ్రీసత్య ముందు అద్దం మీద అటూ ఇటూ తిరిగే వైపర్లు చూస్తోంది. కారు కదిలింది.

వెనక అద్దం మీద వాన చుక్కలు. వాటి వెనక ఒక చిన్న మొహం, ముక్కు దాకా. రెండు కళ్ళు. మమ్మల్నే చూస్తున్నాయి. కారు చిన్నదవుతోంది, మొహం చిన్నదవుతోంది, చూపు మాత్రం మా మీంచి తప్పుకోలేదు.

వరహాలమ్మ గొడుగు పక్కకి ఒరిగిపోయింది. నెత్తి తడుస్తోంది. మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది.

"సూసినావా" అంది. "మనకేసి సూత్తా ఎల్లింది అదొక్కర్తే."

"ఆఁ" అన్నాను.